ఒకే హోస్టింగ్ ఖాతాలో నాలుగు డొమైన్లు: పోర్షన్ల ఇంటి పద్ధతి

మధ్యాహ్నం మూడింటికి పిన్ని ఫోన్ చేసింది. "ఏరా, నా పచ్చళ్ల సైట్ తెరిస్తే ఎవరో పిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చున్న బొమ్మ వస్తోందేంట్రా? ఆవకాయ ఏదీ?"

కూకట్‌పల్లిలో పిన్నిది ఇంటి పచ్చళ్ల వ్యాపారం. దిల్‌సుఖ్‌నగర్‌లో బావది ట్యూషన్ సెంటర్. రెండు వెబ్‌సైట్లూ ఒకే హోస్టింగ్ ఖాతాలో పెట్టాను. పిన్ని డొమైన్ కలిపేటప్పుడు ఒక టిక్ తీయడం మరిచిపోయాను. అంతే, ఆవకాయ అడిగినవాళ్లందరికీ సర్వర్ ఆల్జీబ్రా వడ్డించింది.

తర్వాత లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ఉన్న స్నేహితుడి సైటు, నా సొంత సైటు కూడా అదే ఖాతాలోకి చేరాయి. నాలుగూ చక్కగా నడిచాయి. మొదట్లో చేసిన తప్పులు మీరు చేయకుండా ఏది ముందు, ఏది వెనక చేయాలో చెబుతాను. నేను వాడేది సీప్యానెల్ (హోస్టింగ్‌ని బ్రౌజర్‌లోంచి నడిపే కంట్రోల్ ప్యానెల్) కాబట్టి బటన్ల పేర్లు అందులోవే. వేరే ప్యానెల్ అయితే పేర్లు మారతాయి, వరస మారదు.

ముందు ఇల్లు ఎలా ఉందో చూద్దాం

మన ఊళ్లో పోర్షన్ల ఇళ్లు తెలియనివాళ్లుండరు. గేటు ఒకటే, సంపు ఒకటే, మోటారు ఒకటే, లోపల నాలుగు కుటుంబాలు. హోస్టింగ్ ఖాతా కూడా అలాంటిదే. సర్వర్ ఐపీ అడ్రస్ ఇంటి నంబరు, డొమైన్లు లోపల ఉన్నవాళ్ల పేర్లు. బ్రౌజర్ గేటు దగ్గరికొచ్చి ఫలానావాళ్లు కావాలని పేరు చెబుతుంది. ఆ పేరుకి ఏ ఫోల్డర్ రాసి ఉందో సర్వర్ చూసుకుని అందులోని పేజీ ఇస్తుంది. ఇలా పేరు చెప్పడం 1997లో హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణంతో తప్పనిసరి అయింది. అందుకే ఒక్కో సైటుకి ఒక్కో ఐపీ కొనాల్సిన అవసరం లేదు. తాళం గుర్తున్న సైట్లకి, అంటే ఎస్‌ఎస్‌ఎల్‌కి, ఇదే సదుపాయం 2003లో ప్రమాణంగా వచ్చిన ఎస్‌ఎన్‌ఐతో కుదిరింది.

పోర్షన్ల ఇంట్లో ఉండే తంటాలు కూడా ఇక్కడ ఉంటాయి. ఒకళ్లు నీళ్లు ఎక్కువ వాడితే అందరికీ కుళాయి ఆగిపోతుంది. ఒకళ్ల తలుపు బార్లా తెరిచి ఉంటే దొంగ అన్ని గదులూ తిరిగి చూస్తాడు. ఈ రెండు మాటలూ కింద మళ్లీ వస్తాయి.

మొదటి అడుగు: ప్లాన్‌లో చిన్న అక్షరాలు చదవండి

"అన్‌లిమిటెడ్ వెబ్‌సైట్స్" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. నిజంగా చూడాల్సింది మూడే. ఎన్ని డొమైన్లు కలపనిస్తారు, ఐనోడ్ల పరిమితి ఎంత, ఎంట్రీ ప్రాసెస్‌లు ఎన్ని.

ఐనోడ్ అంటే సుమారుగా ఒక ఫైల్ అనుకోండి. సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ ఒక్కటి కొత్తగా పెడితేనే మూడు వేల పైచిలుకు ఫైళ్లు. దానికి థీమ్, ప్లగిన్లు, ఫోటోలు, తాత్కాలిక కాపీలు (క్యాష్), మెయిళ్లు కలుస్తాయి. మీరు పెట్టేది ఒక్క ఫోటో అయినా వర్డ్‌ప్రెస్ దాన్నే ఐదారు సైజుల్లో కోసి దాచుకుంటుంది. అందుకే డిస్క్‌లో జాగా సగం ఖాళీగా ఉన్నా, ఐనోడ్లు నిండిపోయి మెయిల్ రావడం ఆగిపోయిన ఖాతాలు ఉంటాయి.

ఎంట్రీ ప్రాసెస్‌లంటే ఒకే క్షణంలో లోపలికి రానిచ్చే మనుషుల లెక్క. 20 అని ఉందనుకోండి. మామూలు రోజుల్లో అది చాలా ఎక్కువ. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ఫలితాలు వచ్చిన రోజు బావ సైటులో ర్యాంకుల పేజీ కోసం తల్లిదండ్రులంతా ఒక్కసారి ఎగబడితే 21వ మనిషికి 508 ఎర్రర్ కనిపిస్తుంది. ఆ పరిమితి ఖాతా మొత్తానికి. కాబట్టి అదే సమయంలో పిన్ని దగ్గర గోంగూర ఆర్డర్ చేయబోయిన మనిషికీ అదే ఎర్రర్. సంపు ఒకటే కదా.

కొనేముందు రెన్యువల్ ధర కూడా చూడండి. మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి రెండో ఏడాది రెట్టింపు పైన వసూలు చేయడం ఈ వ్యాపారంలో మామూలే. దానిపైన 18 శాతం జీఎస్టీ. జీఎస్టీ నంబర్ ఉన్నవాళ్లు బిల్లింగ్ పేజీలో ముందే ఇచ్చేయండి.

రెండో అడుగు: ప్రైమరీ డొమైన్‌గా ఏది పెట్టాలి

ఎవరూ పట్టించుకోని చోటు ఇదే. హోస్టింగ్ కొనేటప్పుడు ఏదో ఒక డొమైన్ పేరు అడుగుతారు. అదే ఖాతాకి ప్రైమరీ డొమైన్. మిగతావన్నీ తర్వాత కలిపేవి, వాటిని యాడాన్ డొమైన్లంటారు. యాడాన్ డొమైన్‌ని ఎప్పుడైనా మనమే తీసేయొచ్చు. ప్రైమరీని సీప్యానెల్‌లోంచి మనం తీయలేం, మార్చలేం. కంపెనీవాళ్లే చేయాలి.

అప్పట్లో చేతిలో ఉన్నది బావ పనే కాబట్టి బావ డొమైన్‌నే ప్రైమరీగా ఇచ్చేశాను. మీరు మాత్రం పదేళ్లయినా వదులుకోని డొమైన్ ఇవ్వండి. సాధారణంగా అది మీ సొంత పేరు మీదున్నది. దాంట్లో సైటు లేకపోయినా ఫరవాలేదు, ఖాళీ పేజీ ఉన్నా చాలు.

ఇంకో మాట. హోస్టింగ్ మీ పేరు మీద ఉండొచ్చు గానీ, ఎవరి డొమైన్ వాళ్ల పేరు మీద, వాళ్ల ఈమెయిల్‌తో, వాళ్ల ఫోన్ నంబర్‌తో రిజిస్టర్ చేయించండి. "వెబ్‌సైట్ చేసిన అబ్బాయి ఫోన్ ఎత్తట్లేదు, డొమైన్ వాడి దగ్గరే ఉంది" అనే మాట అమీర్‌పేటలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినిపిస్తుంది. ఆ అబ్బాయి మీరు కాకండి.

మూడో అడుగు: డొమైన్‌ని ఖాతాలో కలపడం

సీప్యానెల్‌లో "డొమైన్స్" తెరిచి "క్రియేట్ ఎ న్యూ డొమైన్" నొక్కండి. డొమైన్ పేరు రాయండి. ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ అక్కర్లేదు, అది తనే చూసుకుంటుంది.

ఇప్పుడు ఆ టిక్. పేరు కిందే "షేర్ డాక్యుమెంట్ రూట్" అనే గడి ఉంటుంది. టిక్ ముందే పెట్టి ఉండొచ్చు. దాని అర్థం ఈ కొత్త డొమైన్‌కీ ప్రైమరీ డొమైన్ ఫోల్డర్‌నే చూపించమని. పచ్చళ్ల సైటులో ట్యూషన్ పిల్లలు కనిపించింది అందుకే. టిక్ తీసేయండి. తీయగానే కింద ఇంకో గడి తెరుచుకుని ఫోల్డర్ పేరు అడుగుతుంది, మామూలుగా డొమైన్ పేరే నింపి ఉంటుంది. అలాగే ఉంచండి. ముద్దుగా "పచ్చళ్లు1" లాంటి పేర్లు పెడితే రెండేళ్ల తర్వాత ఏ ఫోల్డర్ ఎవరిదో మీకే గుర్తుండదు.

ఫోల్డర్ ఎక్కడ తయారవుతుందో గమనించండి. రెండు రకాలుంటాయి. కొన్ని సర్వర్లలో ప్రైమరీ సైటు ఉండే పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్ లోపల తయారవుతుంది, కొన్నింట్లో దాని పక్కన. పక్కన ఉండటమే మేలు. లోపల ఉంటే ప్రైమరీ సైటులోని డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో రాసిన నియమాలు లోపలి ఫోల్డర్లకి కూడా వర్తిస్తాయి. ప్రైమరీ సైటుకి పెట్టిన రీడైరెక్ట్ (ఒక చిరునామాకి వచ్చినవాళ్లని ఇంకోదానికి పంపడం) రెండో సైటుని కూడా లాక్కెళ్తుంది. మనం రెండో సైటులో తప్పు వెతుకుతూ కూర్చుంటాం, తప్పు పై ఫోల్డర్‌లో ఉంటుంది. పైగా ప్రైమరీ డొమైన్ పక్కన ఫోల్డర్ పేరు కొట్టినా ఆ సైటే తెరుచుకుంటుంది. ఒకే పేజీ రెండు చిరునామాల్లో గూగుల్‌కి దొరకడం మంచిది కాదు. పక్కన పెట్టే వీలు మీ ప్లాన్‌లో లేకపోతే సపోర్ట్‌వాళ్లని అడగండి. అదీ కుదరకపోతే ప్రైమరీ సైటు నియమాలు రాసేటప్పుడు "ఫలానా డొమైన్‌తో వచ్చినవాళ్లకే" అని షరతు పెట్టుకోండి.

టిక్ తీయకుండా వదిలేయడమే సరైన సందర్భం కూడా ఒకటుంది. ఒకే వ్యాపారానికి డాట్ కామ్, డాట్ ఇన్ రెండూ కొన్నప్పుడు రెండూ ఒకే సైటుని చూపించాలి. అప్పుడు ఫోల్డర్ పంచుకోనిచ్చి, ఒకదాని నుంచి రెండోదానికి 301 (శాశ్వత) రీడైరెక్ట్ పెట్టండి.

తెలుగు లిపిలో డొమైన్ కొన్నవాళ్లకి చిన్న సూచన. మనకి డాట్ భారత్ అని తెలుగులోనే చివర ఉంది. ప్యానెల్ తెలుగక్షరాలు తీసుకోకపోతే కంగారు పడకండి. ఆ పేరుకి ఎక్స్‌ఎన్ అని మొదలై రెండు అడ్డగీతలు ఉండే ఇంగ్లిష్ రూపం ఒకటుంటుంది, దాన్ని ప్యూనీకోడ్ అంటారు. దాన్ని రాస్తే సరిపోతుంది.

నాలుగో అడుగు: సైటు పెట్టడం, బయటివాళ్లకి తెలియకుండా చూసుకోవడం

డీఎన్‌ఎస్, అంటే ఏ డొమైన్ పేరు ఏ ఐపీకి వెళ్లాలో చెప్పే పట్టిక, ఇంకా ముట్టుకోవద్దు. ముందు సామాను సర్దాలి, తర్వాతే గృహప్రవేశం.

వర్డ్‌ప్రెస్ అయితే సీప్యానెల్‌లో కనిపించే ఇన్‌స్టాలర్ సాఫ్టాక్యులస్‌లో డొమైన్ ఎంచుకుని, పక్కన డైరెక్టరీ గడిలో ఏమైనా రాసి ఉంటే చెరిపేయండి. చాలాసార్లు "డబ్ల్యూపీ" అని ఉంటుంది. అలాగే వదిలేస్తే సైటు డొమైన్ మీద కాకుండా డొమైన్ పక్కన గీత, డబ్ల్యూపీ అన్నచోట తెరుచుకుంటుంది.

ప్రతి సైటుకీ వేరే డేటాబేస్, ఆ డేటాబేస్‌కి వేరే యూజర్, వేరే పాస్‌వర్డ్. ఒకే యూజర్‌కి నాలుగు డేటాబేస్‌ల తాళాలూ ఇచ్చేస్తే ఐదు నిమిషాల పని తప్పుతుంది, తర్వాత ఒక చిల్లు చాలు నాలుగూ పోవడానికి. పాత సైటుకి పాత పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే భాష) కావాలంటే "మల్టీపీహెచ్‌పీ మేనేజర్"లో ఒక్కో డొమైన్‌కి ఒక్కో వెర్షన్ ఇవ్వొచ్చు.

ఇప్పుడు మీ కంప్యూటర్‌కి మాత్రమే కొత్త సర్వర్ కనిపించేలా చేయండి. విండోస్‌లో నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, సిస్టమ్32లో డ్రైవర్స్, అందులో ఈటీసీ ఫోల్డర్‌లో ఉన్న హోస్ట్స్ ఫైల్ తెరవండి. చివర ఒక వరసలో సర్వర్ ఐపీ, ఖాళీ, డొమైన్ పేరు. సేవ్ చేసి బ్రౌజర్‌లో డొమైన్ కొడితే మీకు కొత్త సైటు, లోకానికి పాత సైటు. తాళం గుర్తు గురించి బ్రౌజర్ హెచ్చరిస్తుంది, ఈ దశలో అది మామూలే. ప్రతి మెనూ, ప్రతి ఫారం నొక్కి చూడండి. అయ్యాక ఆ వరస చెరపడం మరవకండి. నేను ఒకసారి మరిచిపోయి, అందరికీ ఆగిపోయిన సైటు నాకు మాత్రం బాగానే కనిపిస్తుంటే "మీ నెట్ స్లో అండీ" అని అరగంట వాదించాను.

ఐదో అడుగు: డీఎన్‌ఎస్ తిప్పడం. ఇక్కడ తొందరపడొద్దు

డొమైన్‌ని కొత్త సర్వర్‌కి తిప్పడానికి రెండు దారులు. ఒకటి, డొమైన్ కొన్నచోట నేమ్‌సర్వర్లు (డీఎన్‌ఎస్ పట్టికని దగ్గర పెట్టుకునే సర్వర్లు) మార్చి మొత్తం పెత్తనం హోస్టింగ్‌వాళ్లకి ఇచ్చేయడం. రెండు, నేమ్‌సర్వర్లు కదపకుండా "ఏ" రికార్డ్‌లో (పట్టికలో డొమైన్‌కి ఐపీ రాసి ఉండే వరస, ఇంగ్లిష్ A) ఐపీ ఒక్కటే మార్చడం. చాలామంది మొదటిదే చెబుతారు, సులువు కాబట్టి. డొమైన్ కొత్తదైతే, దాని మీద మెయిల్ ఏమీ లేకపోతే అదే చేయండి.

గాజుల స్నేహితుడి డొమైన్ కొత్తది కాదు. వాళ్ల మెయిల్ వేరేచోట ఏళ్లుగా నడుస్తోంది. నేను హాయిగా నేమ్‌సర్వర్లు మార్చేశాను. సైటు అద్భుతంగా వచ్చింది. రెండో రోజు సాయంత్రం స్నేహితుడి ఫోన్. "భాయ్, నిన్నటి నుంచి ఒక్క మెయిల్ రాలేదు. జైపూర్ పార్టీ ఇన్‌వాయిస్ పంపానంటున్నాడు." నేమ్‌సర్వర్లు మారడంతో పాత రికార్డులన్నీ వెనకే ఉండిపోయాయి. మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పే ఎమ్‌ఎక్స్ రికార్డు కొత్తచోట లేదు. సరుకు లారీ పాత అడ్రస్ బోర్డు కోసం వెతుక్కుంటూ తిరిగింది.

అందుకని మెయిల్ ఉన్న డొమైన్ అయితే ఇలా చేయండి. ముందు రోజే పాత డీఎన్‌ఎస్ పేజీని పైనుంచి కింద దాకా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. "ఏ", సీనేమ్, ఎమ్‌ఎక్స్, టీఎక్స్‌టీ రికార్డులన్నీ. పాత జవాబుని ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే టీటీఎల్‌ని 300 సెకన్లకి తగ్గించండి. తర్వాత "ఏ" రికార్డ్ ఒక్కటే మార్చండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకి వేరే "ఏ" రికార్డ్ ఉంటే అది కూడా. మెయిల్ జోలికి పోవద్దు. టీటీఎల్ ముందే తగ్గించి ఉంటే కాసేపట్లోనే పని అవుతుంది. నేమ్‌సర్వర్లు మారిస్తే కొన్ని గంటల నుంచి 48 గంటల దాకా అనుకోండి. ఆ మధ్యలో మీ ఇంట్లో కొత్త సైటు, ఎదురింట్లో పాత సైటు కనిపించడం సహజం. ఆ రెండు రోజులు పాత హోస్టింగ్ రద్దు చేయకండి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్‌ఎస్‌లుకప్ అని, పక్కన డొమైన్ పేరు కొడితే ఇప్పుడు ఏ ఐపీకి వెళ్తోందో చెబుతుంది.

ఆరో అడుగు: తాళం గుర్తు

డీఎన్‌ఎస్ కుదిరాకే తాళం గుర్తుకి కావాల్సిన ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ వస్తుంది, ముందు రాదు. ఎందుకంటే ఈ డొమైన్ నిజంగా ఈ సర్వర్‌కే వస్తోందా అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు సరిచూసుకుంటారు. సీప్యానెల్‌లో "ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ స్టేటస్" తెరిచి "రన్ ఆటోఎస్‌ఎస్‌ఎల్" నొక్కి టీ తాగి రండి. ప్రతి డొమైన్‌కీ ఉచితంగానే వస్తుంది. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015 చివర్లో అందరికీ తలుపులు తెరిచాక దీనికి డబ్బు పెట్టే అవసరం చిన్న సైట్లకి లేకుండా పోయింది. వాళ్ల మామూలు సర్టిఫికెట్ గడువు 90 రోజులు, రెన్యువల్ దానంతటదే జరుగుతుంది. గుర్తు వచ్చాక "డొమైన్స్" పేజీలో "ఫోర్స్ హెచ్‌టీటీపీఎస్" ఆన్ చేయండి. ముందే ఆన్ చేస్తే సందర్శకుడికి ఎర్ర హెచ్చరిక తప్ప ఇంకేం కనిపించదు.

ఏడో అడుగు: ఈమెయిల్ రూటింగ్ అనే దొంగ

ఇది కనిపెట్టడానికి నాకు ఒక వారం పట్టింది. స్నేహితుడికి బయటి నుంచి మెయిళ్లన్నీ వస్తున్నాయి, వెబ్‌సైట్ ఫారం నింపితే వచ్చే మెయిల్ మాత్రం రావట్లేదు. కారణం, డొమైన్ కలపగానే సర్వర్ ఆ డొమైన్ మెయిళ్లు కూడా తన దగ్గరే ఉంటాయనుకుంది. ఫారం అదే సర్వర్ మీద ఉంది కాబట్టి బయటికి చూడకుండా లోపలే డెలివరీ చేయబోతోంది. లోపల అలాంటి మెయిల్‌బాక్సే లేదు.

మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌లోనో ఇంకెక్కడో ఉంటే సీప్యానెల్‌లో "ఈమెయిల్ రూటింగ్" తెరిచి, ఆ డొమైన్‌కి "రిమోట్ మెయిల్ ఎక్స్‌ఛేంజర్" ఎంచుకోండి. మెయిల్ ఈ ఖాతాలోనే ఉంటే "లోకల్". ఒక్కో డొమైన్‌కి విడివిడిగా చూడాలి.

మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు కూడా ప్రతి డొమైన్‌కీ వేరే. "ఈమెయిల్ డెలివరబిలిటీ" పేజీలో ఏది లేదో అదే చెబుతుంది. డీఎన్‌ఎస్ బయట ఉంటే ఆ వరసలు కాపీ చేసి అక్కడ అతికించండి. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండు పెడితే రెండూ చెల్లవు, రెండిటి సంగతులూ ఒకే వరసలో కలపాలి.

నడిపేటప్పుడు

ఒకళ్ల తలుపు తెరిచి ఉంటే దొంగ అన్ని గదులూ తిరుగుతాడని మొదట్లో చెప్పాను కదా. ఖాతాలోని అన్ని ఫోల్డర్లకీ సర్వర్ దృష్టిలో యజమాని ఒక్కడే. ఒక సైటులో అప్‌డేట్ చేయని ప్లగిన్ నుంచి ఎవడైనా దూరితే, పక్క సైటు కాన్ఫిగ్ ఫైల్ తెరిచి డేటాబేస్ పాస్‌వర్డ్ చదువుకోగలడు. అప్పుడు ఒక్క సైటు శుభ్రం చేసి ఊరుకుంటే మూడు రోజుల్లో మళ్లీ వస్తాడు, పక్క గదిలోంచి. అన్నీ ఒకేసారి శుభ్రం చేయాలి. టెస్ట్, ఓల్డ్, న్యూ2 అని పేర్లు పెట్టి వదిలేసిన పాత కాపీలే సాధారణంగా ఆ తెరిచి ఉన్న తలుపు. ఎక్కడినుంచో ఉచితంగా దించుకున్న ప్రీమియం థీమ్ అయితే మనమే దొంగని పిలిచి కుర్చీ వేసినట్టు.

ఇంట్లోవాళ్లవి, మీవి ఒకే ఖాతాలో ఉంటే సరే. డబ్బు తీసుకుని చేసే కస్టమర్ల సైట్లు మాత్రం ఇలా కలపకండి. రీసెల్లర్ హోస్టింగ్ తీసుకుంటే ఒక్కొక్కరికీ వేరే సీప్యానెల్ ఇవ్వొచ్చు, గోడలు గట్టివి. పిన్ని సైటుకి వేసవిలో ఆన్‌లైన్ చెల్లింపులు మొదలవగానే దాన్ని వేరే ఖాతాకి మార్చే ఆలోచనలో ఉన్నాను.

బ్యాకప్ విషయంలో ఒక చిక్కుంది. సీప్యానెల్‌లో "ఫుల్ బ్యాకప్" తీసుకోగలం గానీ దాన్ని తిరిగి పెట్టడం మన చేతిలో లేదు, హోస్టింగ్‌వాళ్లే చేయాలి. పైగా అది పెడితే అన్ని సైట్లూ పాత తేదీకి వెళ్తాయి. అందుకని ఒక్కో సైటుకి ఫోల్డర్, డేటాబేస్ విడిగా తీసి, గూగుల్ డ్రైవ్‌లోనో ఇంట్లో హార్డ్‌డిస్క్‌లోనో పెట్టుకోండి. నేను ప్రతి ఆదివారం తీస్తాను. ఆవకాయ సీజన్లో మాత్రం రోజూ.

ఒక డొమైన్‌ని తీసేయాల్సి వస్తే

"డొమైన్స్"లో ఆ పేరు పక్కన "మేనేజ్" నొక్కితే "రిమూవ్ డొమైన్" ఉంటుంది. నొక్కేముందు ఆ డొమైన్ మెయిళ్లు ఈ ఖాతాలో ఉంటే దించుకోండి. డొమైన్ పోయినా ఫోల్డర్, డేటాబేస్ అలాగే మిగిలిపోతాయి. వాటిని చేత్తో తుడవాలి, లేకపోతే ఐనోడ్లు తింటూనే ఉంటాయి. డొమైన్ కొన్నచోట "ఏ" రికార్డ్ కూడా తీయించండి.

పోయినేడాది బావ ట్యూషన్లు పెద్దవై సొంత సర్వర్‌కి మారాడు. మారింది ప్రైమరీ డొమైన్ కదా, ఈ బటన్ నాకు పనికిరాలేదు. సపోర్ట్‌కి టికెట్ పెట్టి, నా డొమైన్‌ని ముందు యాడాన్ జాబితాలోంచి తీసి, వాళ్లు దాన్ని ప్రైమరీగా మార్చాక, నా సైటు ఫైళ్లన్నీ పబ్లిక్ హెచ్‌టీఎంఎల్‌లోకి జరిపి, సర్టిఫికెట్ మళ్లీ తెప్పించుకునేసరికి శనివారం మొత్తం పోయింది. సాయంత్రం బావ ఫోన్ చేసి, "ఏమోయ్, మా సైటు పొద్దున్నే మారిపోయింది, ఇంకా ఏం చేస్తున్నావ్?" అన్నాడు.